తెర వెనుక చేతులు
(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను లేచానంటే పెన్షను, డి.ఏ. బకాయిల మాటే అనుకొని ఉంటారు. ఈ రోజు మాత్రం కార్టూను బొమ్మల సంగతి చెబుతాను. నవ్వకండి. మన ఇళ్లలో మనవలు నాలుగు ముద్దలు తినాలంటే టామ్ అండ్ జెర్రీ పెట్టవలసిందే కదా! ఆ పిల్లి పేరు, ఎలుక పేరు మనకూ వచ్చేశాయి. 1940లో వాటిని సృష్టించిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరాలు మనలో ఎందరికి తెలుసు? మిక్కీ మౌస్ అనగానే వాల్ట్ డిస్నీ అంటాము. 1928లో వచ్చిన 'స్టీమ్‌బోట్ విల్లీ'లో ఆ ఎలుకను చాలావరకు గీసినవాడు అబ్ ఐవర్క్స్. బొమ్మకు పేరొస్తుంది, గీసిన చేయి తెర వెనుకనే ఉండిపోతుంది.

జర్మనీలో లోటె రైనిగర్ అనే ఆవిడ నల్ల అట్టను కత్తెరతో కత్తిరించి, కీళ్లు అమర్చి, కింద దీపమున్న గాజుపలకపై పరచి, కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కొక్క ఫోటో తీసింది. మూడేళ్లు శ్రమపడి 1926లో ప్రిన్స్ అహ్మద్ కథను చిత్రంగా పూర్తి చేసింది. ఈనాటికీ మిగిలియున్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలలో అదే అతి పాతది.

ఇది చదవగానే నాకు మన తోలుబొమ్మలు జ్ఞాపకం వచ్చాయి. అవే కీళ్లు, అదే వెలుగు, అదే నీడ! ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇవన్నీ తరతరాలుగా ఉన్నవే. మేకతోలును వెలుగు దూరేంత పలుచగా చేసి, రంధ్రాలు తొలిచి, రంగులు వేస్తారు. ఆ బొమ్మల నగలు, చీరల అంచులు చూస్తే లేపాక్షి గుడి పైకప్పు చిత్రాలు గుర్తుకు రాకమానవు. రైనిగర్ బొమ్మను కెమెరా ఆడించింది. మన కళాకారుడు తానే ఆడిస్తూ, తానే పాడుతూ, కాలి కింద చెక్కను టకటకలాడించి యుద్ధం పుట్టిస్తాడు. చిన్నప్పుడు లంకాదహనం చూస్తూ, కేతిగాడి మాటలకు నవ్వుతూ తెల్లవార్లూ కూర్చున్నవాణ్ణి నేను.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. 1980లలో నేను గుమాస్తాగా ఉండగా ఒక బొమ్మలాట పెద్దాయన దరఖాస్తు తెచ్చాడు. 'వృత్తి' అన్నచోట 'బొమ్మలాట' అని రాయించుకొచ్చాడు. మా పట్టీలో అటువంటి వృత్తి లేదు. నేను దాన్ని కొట్టివేసి 'కూలి' అని రాశాను. ఆయన ఆ కాగితంకేసి చూసి, "అట్లే కానీండి సామీ" అన్నాడు. పని జరిగింది. ఫైలు మూశాను. ఆ మాట మాత్రం నాలో మూతపడలేదు.

2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు పేపరు పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. కాని ఒక బిరుదుతో ఆట బతకదు. రాముణ్ణి, హనుమంతుణ్ణి ఆడించిన ఆ చేతులకు ఇప్పుడు లాంపుషేడ్ల తయారీయే ఎక్కువగా కూడు పెడుతున్నది. అది చిన్నతనం కాదు. కాని తెర కట్టేవాడు లేకపోతే ఆట ఎవరికి నేర్పుతారు?

కాబట్టి నాదొక మనవి. మన వార్షికోత్సవానికి ఒక బొమ్మలాట బృందాన్ని పిలుద్దాము. ఉచితంగా కాదు, అడిగిన సంభావన ఇచ్చి పిలుద్దాము. అందుకు నా వంతుగా ఒక నెల పెన్షను ఇస్తాను. మనవలను తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆట ముగిశాక వారిని తెర వెనుకకు తీసుకుపోయి ఆ చేతులను చూపించండి, పేర్లు అడగమనండి.

ఆనాడు నేను కొట్టివేసిన మాటను ఈ సభలో మళ్లీ రాసుకుంటున్నాను. వృత్తి: బొమ్మలాట.