ఎముకలు మింగే పక్షి



ఒక పక్షి కోసం పెద్ద చదువును పక్కన పెట్టిన ఆడమనిషి సంగతి వినండి. ఆమె పేరు పూర్ణిమా దేవి బర్మన్. ఆమెది అస్సాం రాష్ట్రం.

పూర్ణిమను అయిదేళ్లప్పుడు బ్రహ్మపుత్ర నది ఒడ్డున ఉండే అవ్వ దగ్గరికి పంపారు. అమ్మా నాన్నా లేరని పిల్ల ఒకటే ఏడుపు. అవ్వ వ్యవసాయం చేసేది. మనవరాలిని వరిపొలానికి వెంట తీసుకుపోయేది. పక్షులను చూపించి వాటి సంగతులు చెప్పేది. అట్లా పూర్ణిమకు పక్షుల మీద ప్రేమ కలిగింది.

పెద్దయ్యాక జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివింది. ఆపైన హర్గిలా అనే పక్షి మీద పరిశోధన మొదలుపెట్టింది. పరిశోధన అంటే ఏమిటి? పక్షి ఎక్కడ గూడు కడుతుంది, ఏం తింటుంది, పిల్లల్ని ఎట్లా సాకుతుంది, ఇవన్నీ ఓపికగా చూసి రాసుకోవడం.

హర్గిలా అంటే ఎముకలు మింగేది అని అర్థం. ఇది కొంగ జాతి పక్షి. దాదాపు అయిదడుగుల ఎత్తు. తల బోడిగా ఉంటుంది. చచ్చిన జంతువులను తిని ఊరికి మేలే చేస్తుంది. కానీ దాని గూటి కింద కంపు కొడుతుంది. అందుకే జనం అసహ్యించుకునేవాళ్లు. అపశకునం అనేవాళ్లు.

2007లో దాదరా గ్రామంలో ఒకాయన హర్గిలా గూళ్లున్న చెట్టు కొట్టేశాడు. పక్షిపిల్లలు నేలపాలయ్యాయి. ఎందుకు కొట్టావని పూర్ణిమ అడిగింది. జనం చుట్టూ చేరి ఆమెనే ఎగతాళి చేశారు. అప్పటికి ఆమెకు చిన్న చిన్న కవల ఆడపిల్లలు. పక్షిపిల్లలను చూస్తే ఆమెకు తన పిల్లలే గుర్తొచ్చారు.

పక్షే లేకపోతే పరిశోధన ఎందుకు? పూర్ణిమ చదువు ఆపింది. ఊరి ఆడవాళ్ల దగ్గరికి పోయింది. ఎవరినీ తిట్టలేదు. వంటల పోటీలు పెట్టి, అక్కడే పక్షి సంగతి చెప్పింది. మనం సీమంతం చేసినట్టు, గూళ్లు కట్టే కాలంలో పక్షికీ వేడుక చేయించింది. ఆడవాళ్ల మనసు మారింది. జారిపడే పిల్లలు బతకాలని చెట్ల కింద వలలు కట్టారు. హర్గిలా బొమ్మతో చీరలు నేసి అమ్ముకున్నారు. హర్గిలా సైన్యం అని పేరు పెట్టుకున్నారు.

దాదరా, పచారియా, సింగిమారి ఊళ్లలో మొదట 28 గూళ్లే ఉండేవి. 2022 నాటికి 250 దాటాయి. ఆ ఏడాదే ఐక్యరాజ్య సమితి పూర్ణిమకు అవార్డు ఇచ్చింది.

మరి ఆగిన చదువు? పూర్ణిమ దాన్ని వదల్లేదు. 2019లో డాక్టరేట్ పట్టా అందుకుంది. చదువు ఆలస్యం కావచ్చు. అయినా అది మనదే.

మీ ఇంటి దగ్గరి చెట్టు మీద ఏ పక్షి గూడు కట్టింది? రేపు చూడండి. చూసింది నాలుగు వాక్యాల్లో రాయండి.