కంపనాలకూ అయస్కాంతానికీ పొత్తు



ఆచార్య సూరి భగవంతం గారిని తలుచుకునే సభలో స్ఫటికాల కంపనాల గురించి మాట్లాడటం సబబే. స్ఫటికంలో పరమాణువులు ఎన్ని తీరుల కంపించగలవో, వాటిలో రామన్ వర్ణపటంలో కనబడేవి ఏవో సౌష్ఠవాన్ని బట్టే లెక్కగట్టవచ్చని వాల్తేరులో ఆయన, టి. వెంకటరాయుడు గారు 1939లో చూపించారు. ఆ లెక్కలో అయస్కాంతత్వం ప్రసక్తి లేదు. కంపనాలకూ దానికీ పొత్తు ఎలా కుదిరిందన్నదే నేటి నా విషయం.

అంతకు రెండేళ్ల ముందు, 1937లో, హెర్మన్ యాన్, ఎడ్వర్డ్ టెల్లర్ ఒక సిద్ధాంతం ప్రకటించారు. సమాన శక్తిగల రెండు ఆర్బిటాళ్ల మధ్య ఎలక్ట్రాన్ ఎటూ తేల్చుకోలేని స్థితిలో ఉంటే, సరళరేఖలో లేని ఏ అణువూ ఆ సౌష్ఠవంతో నిలవదు. కాస్త ఒరిగి, శక్తి తగ్గించుకుంటుంది. ఎటు ఒరగగలదో తేల్చేది భగవంతం గారు తమ సౌష్ఠవ లెక్కలో వాడిన సమూహ సిద్ధాంతమే.

1950లో హాలండులో యోంకర్, వాన్ సాంటెన్ మాంగనీసు ఆక్సైడ్లను పరిశీలిస్తే, అయస్కాంతత్వమూ విద్యుత్ వాహకతా జంటగా వచ్చాయి. మరుసటేడు జీనర్ కారణం చెప్పారు: పొరుగు స్పిన్‌లు ఒకే దిక్కున ఉంటే ఎలక్ట్రాన్ సులువుగా దూకుతుంది. పరమాణువుల జాలకం ఊసే లేని వివరణ అది. 1955లో గుడెనఫ్ ఆర్బిటాళ్ల దిశను లెక్కలోకి తెచ్చారు.

ఆ ఆక్సైడ్లలో ఒకటైన లాంథనం మాంగనైట్‌ను దగ్గరగా చూద్దాం. ప్రతి మాంగనీసు చుట్టూ ఆరు ఆక్సిజన్‌లు అష్టముఖిగా ఉంటాయి. వాటి దూరాలు సమానం కావు: సుమారు 1.91, 1.97, 2.18 ఆంగ్‌స్ట్రామ్‌లు, రెండేసి చొప్పున. చాప అల్లికలో లాగా, ఒక అష్టముఖి ఒకవైపు సాగితే పక్కది అడ్డంగా సాగుతుంది. ఈ ఏర్పాటు దాదాపు 750 కెల్విన్‌ల దాకా చెదరదు. స్పిన్‌లు బారులు తీరేది మాత్రం 140 కెల్విన్‌ల దరిదాపుల్లోనే. అప్పటికే ఆర్బిటాళ్లు వేసి ఉంచిన దారిలోనే అవి నడుస్తాయి: ఒక పొరలో అన్నీ ఒకే దిక్కు, పై పొరలో దానికి ఎదురు.

మరి ఆర్బిటాళ్లను నడిపేది జాలకమేనా? కానక్కర్లేదని 1973లో కుగెల్, ఖోమ్‌స్కీ వాదించారు. స్పిన్‌ల మధ్య ఉండే వినిమయ బలమే ఆర్బిటాళ్లనూ కుదర్చగలదన్నారు. అయితే 1995లో మిల్లిస్, లిటిల్‌వుడ్, ష్రైమన్ జీనర్ వివరణ ఒక్కటే మాంగనైట్ల విద్యుత్ నిరోధానికి సరిపోదని లెక్కగట్టి చూపారు.

1996లో కీలకమైన ప్రయోగం జూరిక్ నుంచి వచ్చింది. కాల్షియం కలిపిన మాంగనైట్‌లో ఆక్సిజన్-16 తీసి, ఆక్సిజన్-18 పెట్టారు. ఆవేశం మారలేదు, స్పిన్ మారలేదు, రసాయన స్వభావమూ అదే. పెరిగింది బరువు ఒక్కటే. అయినా అయస్కాంతత్వం మొదలయ్యే ఉష్ణోగ్రత 20 కెల్విన్‌లకు పైగా పడిపోయింది. పరమాణువులు ఊగే తీరు అయస్కాంతాన్ని శాసిస్తోందనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అరుదు.

2004లో బెంగళూరులో టి.వి. రామకృష్ణన్, సహచరులు మాంగనైట్లలోని ఎలక్ట్రాన్‌లను రెండు తెగలుగా చూశారు: జాలకం ఒరిగిన చోట చిక్కుబడేవి కొన్ని, స్వేచ్ఛగా తిరిగేవి కొన్ని.

విద్యార్థులకు నా మనవి ఒక్కటే. స్పిన్, ఆర్బిటాల్, జాలకం: ఈ మూడింట్లో పెత్తనం ఎవరిదన్న ప్రశ్నకు అన్ని పదార్థాలకూ చెల్లే జవాబు లేదు. జూరిక్ వారిలా ఒకదాన్నే మార్చి, మిగతావాటిని కదలకుండా ఉంచి, ప్రతి పదార్థాన్నీ విడిగా అడిగి తెలుసుకోవలసిందే.