ఓటరు నిరాశ, ప్రతినిధి అంతరాత్మ



తాము గెలిపించిన ప్రతినిధి తమ అభీష్టానికి విరుద్ధంగా ఓటు వేసినప్పుడు ఓటర్లు ఏం చేయాలన్నది నేటి చర్చనీయాంశం. దీనికి అమెరికా చరిత్ర నుంచి రెండు ఘట్టాలను మీ ముందుంచుతాను. దూరదేశపు ముచ్చట మనకెందుకని అనుకోకండి. చివరికి అది మన గడపకే వచ్చి చేరుతుంది.

అమెరికాలో సంప్రదాయవాద ఓటరుకు ఒక స్థిరమైన విశ్వాసం ఉంది. ఫెడరల్ ప్రభుత్వానికి ప్రత్యేకంగా అప్పగించని అధికారాలు రాష్ట్రాలకు, ప్రజలకు చెందుతాయని ఆ దేశ రాజ్యాంగపు పదవ సవరణ చెబుతోంది. వాషింగ్టన్‌లో కూర్చున్న అధికారి తన దుకాణాన్ని, తన పొలాన్ని, తన ఫ్యాక్టరీని శాసించరాదని ఆ ఓటరు కోరుకుంటాడు. ఈ కోరికను స్వార్థమని కొట్టిపారేయడం న్యాయం కాదు. దూరపు అధికారానికి స్థానిక కష్టం కనబడదన్న భయం మనకూ తెలిసినదే.

2009 జూన్ 26న వాతావరణ కాలుష్యాన్ని పరిమితం చేసే బిల్లు ప్రతినిధుల సభలో 219-212 ఓట్లతో నెగ్గింది. దాన్ని సమర్థించిన రిపబ్లికన్లు ఎనిమిది మందే. వారిలో ఒకరు డెలావేర్‌కు చెందిన మైక్ కాజిల్. గవర్నరుగా పనిచేసి, 1993 నుంచి వరుసగా గెలుస్తూ వచ్చిన నాయకుడాయన. ఫెడరల్ నియంత్రణను విస్తరించే బిల్లుకు మద్దతిచ్చి తమను వంచించాడని సంప్రదాయవాదులు ఆగ్రహించారు. 2010 సెప్టెంబరులో సెనేట్ స్థానానికి జరిగిన పార్టీ అంతర్గత ఎన్నికలో క్రిస్టీన్ ఓడానెల్ చేతిలో ఆయనను ఓడించారు. నవంబరులో ఆమె డెమోక్రాట్ అభ్యర్థి క్రిస్ కూన్స్ చేతిలో ఓడిపోయారు. ఓటర్లు తమ ప్రతినిధిని శిక్షించగలిగారు కానీ, ఆ స్థానం వారికి దక్కలేదు.

రెండవ ఘట్టం 1964 నాటిది. జాతి, వర్ణం, మతం, జాతీయ మూలం ఆధారంగా హోటళ్లలోనూ థియేటర్లలోనూ వివక్ష చూపరాదని పౌరహక్కుల బిల్లు నిర్దేశించింది. ఉద్యోగాల విషయంలో వీటికి తోడు స్త్రీ పురుష భేదాన్నీ నిషేధించింది. ప్రైవేటు వ్యాపారాన్ని ఫెడరల్ ప్రభుత్వం ఇలా నియంత్రించడానికి రాజ్యాంగ ఆధారం లేదంటూ సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ వ్యతిరేకించారు. అదే పార్టీకి చెందిన సెనేట్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సెన్‌కూ ఆ అధ్యాయాలపైనే అభ్యంతరాలుండేవి. అయితే ఆయన బిల్లును తిరస్కరించకుండా సవరించడానికి పూనుకున్నారు. ఫిర్యాదులను పరిష్కరించే తొలి అవకాశం స్థానిక సంస్థలకు దక్కేలా మార్పులు చేయించి, తన పార్టీ సభ్యులను కూడగట్టారు. జూన్ 10న చర్చను ముగించే తీర్మానం 71-29 ఓట్లతో నెగ్గింది. ఆ 71 మందిలో 27 మంది రిపబ్లికన్లు. ఆనాడు తీవ్ర నిరాశకు లోనైన ఓటర్లు తక్కువేమీ కాదు. నవంబరు అధ్యక్ష ఎన్నికలో గోల్డ్‌వాటర్ గెలిచిన ఆరు రాష్ట్రాల్లో ఐదు దక్షిణాదివే. డర్క్‌సెన్ మాత్రం 1968లో తిరిగి ఎన్నికయ్యారు.

ఆ చట్టం ఎవరికి అక్కరకొచ్చిందో చూడండి. తలకు స్కార్ఫ్ ధరించినందున ఒక దుస్తుల కంపెనీ ఉద్యోగం నిరాకరించిన ముస్లిం యువతి పక్షాన 2015లో అమెరికా సుప్రీంకోర్టు 8-1తో తీర్పునిచ్చింది. దానికి ఆధారం 1964 నాటి ఆ చట్టమే. దుకాణదారుడికి బంధనంగా తోచిన నియంత్రణ ఆ యువతికి రక్షణ అయింది.

కనుక కేంద్ర నియంత్రణ ఎల్లప్పుడూ మేలు చేస్తుందని నేననడం లేదు. అదే అధికారం అల్పసంఖ్యాకుల సంస్థలపైకీ రాగలదు. వక్ఫ్ బోర్డులలో ముస్లిమేతరులకు స్థానం కల్పించిన సవరణ బిల్లు 2025 ఏప్రిల్‌లో లోక్‌సభలో 288-232 ఓట్లతో నెగ్గింది. దానికి మద్దతిచ్చిన పార్టీలలో తెలుగుదేశం కూడా ఉంది. ఆ పార్టీకి ఓటు వేసిన ముస్లింలు పడిన ఆవేదన ఇక్కడున్న వారికి విడమరచి చెప్పనక్కరలేదు. నియంత్రణ ఎంత అన్నదానికంటే అది ఎవరిని కట్టడి చేస్తుంది, ఎవరిని కాపాడుతుంది, ఎవరిని సంప్రదించి రూపొందింది అన్నవే మనం వేయవలసిన ప్రశ్నలు.

మరొక మాట. సంప్రదాయవాదులు గురుతుల్యుడిగా భావించే ఎడ్మండ్ బర్క్, ప్రతినిధి తన వివేకాన్ని ఓటర్ల అభిప్రాయానికి బలిపెట్టరాదని 1774లో బ్రిస్టల్‌లో ప్రకటించాడు. అప్పటి అల్పసంఖ్యాకులైన కాథలిక్కులకు ఊరట కల్పించడాన్ని సమర్థించడం ఆయన 1780లో ఆ స్థానాన్ని కోల్పోవడానికి ఒక కారణమైంది. ప్రతినిధి అధిక సంఖ్యాకుల ప్రతిధ్వనిగా మిగలాలని కోరితే మొదట నష్టపోయేది మనమే. మన దేశంలో 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల విప్‌ను ధిక్కరించిన సభ్యుడు పదవికే ఎసరు తెచ్చుకుంటాడు. పార్టీలోనే ప్రతినిధిని మార్చుకునే అంతర్గత ఎన్నిక మన ఓటరుకు లేదు. అందుచేత ఎన్నికకు ముందే అడగడం మనకు మరింత అవసరం.

ఓటు అడగవచ్చిన అభ్యర్థిని, ఫలానా బిల్లు వస్తే ఎటు నిలుస్తావని పదిమంది ముందు అడుగుదాం. ఓటు వేసిన తరువాత నియోజకవర్గానికి వచ్చి కారణాలు చెప్పమందాం. సవరణల కోసం పోరాడాడా, మౌనంగా చేయెత్తాడా అన్నది విచారించి తీర్పునిద్దాం. మన నిరాశకు ఆ మాత్రం క్రమశిక్షణ ఉంటేనే ప్రతినిధులు దాన్ని లెక్కచేస్తారు.