‘ఖాళీగానే ఉంటుంది’ అన్న మాట



ఉపాధిని గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము ఒక చిన్న మాటతో ప్రారంభిస్తాము. అది ‘ఖాళీ’. అరబీలో పుట్టి, ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట ఇది. అరబీలో లేని ‘ళ’కారాన్ని ఇక్కడ సంతరించుకొని, తెలుగువారి ఇంటిమాటగా స్థిరపడింది.

మూలార్థం శూన్యమే. ఖాళీ కుండ, ఖాళీ జాగా, ఖాళీ చేతులు. తెలుగులో అది పనిలేని మనిషికి కూడా అంటుకున్నది. ‘నాకు ఖాళీ లేదు’ అనడంలో కొంత గొప్ప ధ్వనిస్తుంది; ‘వాడు ఖాళీగా ఉన్నాడు’ అనడంలో నింద ధ్వనిస్తుంది. పేరు విన్న తరువాత ‘ఇల్లు ఖాళీ లేదండీ’ అనే ఇంటి యజమానుల వాడుక మీకందరికీ తెలిసినదే. దానిని మరొక సభకు వదిలివేద్దాము.

మనలను బాధించవలసిన వాడుక మన ఇళ్లలోనే ఉన్నది. ‘మీ ఇంట్లో ఆవిడ ఏం చేస్తారు?’ అని అడిగితే, ‘ఏమీ చేయదండీ, ఖాళీగానే ఉంటుంది’ అంటాము. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో ఈ మాట చెప్పే పురుషుని వెనుకనే ఒక స్త్రీ ఒడిలో చాట పెట్టుకొని కూర్చుని ఉంటుంది. తునికాకు నానబెట్టాలి, కత్తిరించాలి, పొగాకు నింపి చుట్టాలి, దారం కట్టాలి, మొనలు మడవాలి. వెయ్యి పూర్తయితేనే లెక్క. హైదరాబాదు లాడ్ బజారులో మెరిసే లక్కగాజులకు రాళ్లు అద్దినది కూడా పాతబస్తీ ఇళ్లలోని ఇటువంటి చేతులే.

ఇంటి స్త్రీ సంపాదిస్తున్నదని చెప్పుకోవడం మర్యాద కాదని మనవారి భావన. ఆ మర్యాదకు ఖరీదు చెల్లిస్తున్నది ఆమె. జనగణనలో కేవలం ఇంటిపని చేసేవారిని ‘పని చేయనివారు’గానే లెక్కిస్తారు, అది వేరుగా పోరాడవలసిన విషయం. కాని కూలికి బీడీ చుట్టే స్త్రీ కూడా మన నోటిమాటతోనే ఆ గడిలోకి పోతున్నది. ముస్లిం స్త్రీలు ఎక్కువగా ఇంటి వద్దనే పనిచేస్తున్నారని 2006లో సచార్ కమిటీ నివేదిక గుర్తించింది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటి వద్ద చుట్టేవారిని సైతం కార్మికులుగానే పరిగణించింది. చట్టం గుర్తించినదానిని భర్త కాదంటే ఎట్లా? గుర్తింపు కార్డు, భవిష్యనిధి, పిల్లల ఉపకారవేతనం, ఇవన్నీ ఆమె కార్మికురాలని కాగితం మీద రుజువైతేనే అందుతాయి.

మన యువకుల సంగతీ ఇటువంటిదే. కూలి అడ్డా మీద ఉదయం ఆరు గంటలకు నిలబడినవాడు ఖాళీగా లేడు, పని కోసం వేచి ఉన్నాడు. చూసేవారికి ఈ తేడా తెలియదు. పోలీసు జీపు ఆగినప్పుడు ‘ఖాళీగా తిరుగుతున్నాడు’ అన్న అదే మాట అనుమానంగా మారుతుంది.

2027 జనగణనకు ఉద్యోగులు మీ గడపకు వస్తారు. ఆమె పనిని గురించిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పకండి. ఆమెను ముందుగదిలోకి పిలవండి. రోజుకు ఎన్ని వందలు చుడుతుందో, ఎవరికి ఇస్తుందో, ఎంత వస్తుందో ఆమెనే చెప్పనివ్వండి. బీడీ గుర్తింపు కార్డు లేనివారి దరఖాస్తులను జుహర్ నమాజు తరువాత వెనుక బల్ల వద్ద మన కార్యకర్తలు నింపిపెడతారు. ఆధార్ ప్రతి, రెండు ఫొటోలు ఇవ్వండి.