గోదావరి యను యుద్ధనౌక
(జనగామ పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



సముద్రమును కన్నులార చూడనివారు ఈ సభలో పలువురుందురు. జనగామకును, మహబూబాబాదునకును, భూపాలపల్లికిని సముద్రము దూరమే. అయినను కాళేశ్వరమున ప్రాణహితతో కూడు మన గోదావరి పేరు ధరించి ఒక యుద్ధనౌక హిందూ మహాసముద్రమున కావలి తిరిగినది. నేడు మేము దాని కథ చెప్పదలచినాము.

ఇంగ్లండులో థార్నీక్రాఫ్టు వారు దానిని కట్టిరి. 1943లో సేవలో ప్రవేశించెను. బరువు ఇంచుమించు 1,300 టన్నులు. నాలుగంగుళముల ఫిరంగు లారు. నీటి అడుగున దాగిన జలాంతర్గామిని శబ్దతరంగములచే పసిగట్టు యంత్రమును, దానిపై విడుచుటకు బాంబులును కలవు. వర్తకనౌకలు గుంపుగా సాగునపుడు వానిని కాచుట ఇట్టి నౌకకు నిత్యకృత్యము. కీర్తి తేని పని. దినములు గడచినను శత్రువు కనబడడు. 1944 ఆగస్టు 12న మాత్రము కనబడెను. సెషెల్సు ద్వీపముల చెంత, ఫిండుహారన్ అను బ్రిటిషు నౌకతో కూడి, మన గోదావరి యు-198 అను జర్మను జలాంతర్గామిని ముంచినది. అందలి 66 మందిలో ఒక్కడును బ్రతుకలేదు. శత్రువులైనను వారును తల్లులు కన్నవారే.

ఆ విజయ మెవరిది? నది మనది, నావికులు మనవారు, జెండా పరులది. ఈ వెలితి ఆ నావికులకును తెలియును. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ కేంద్రమున వారు చెడు తిండికిని, జాతి దూషణలకును ఎదురుతిరిగిరి. సమ్మె ఇతర రేవులకును ప్రాకెను. సర్దారు పటేలు సలహాపై 23న లొంగిరి. ఉద్యోగములు పోయినవారిని స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను నౌకాదళము తిరిగి చేర్చుకొనలేదు. మేము జాతీయపక్షమువారమే, అయినను ఇది అన్యాయమని చెప్పక తప్పదు.

న్యాయవాదులమగు మాకు ఆస్తి పంపకములు క్రొత్త గావు. విభజనలో ఆరు స్లూపు నౌకలలో నాలుగు మనకును, రెండు పాకిస్తానునకును వచ్చినవి. కృష్ణ పేరిటి నౌక మనకు మిగిలెను. గోదావరి అటు పోయి 'సింధ్' అను పేరు దాల్చెను. అన్నదమ్ముల పంపకములో ఇంటిపేరు గల గిన్నె పొరుగింటికి పోవుట మేము కోర్టులో చూచినదే.

1953లో బ్రిటను నుండి తెచ్చిన పాత నౌక కొకదానికి గోదావరి పేరు పెట్టిరి. తుదకు 1983 డిసెంబరు 10న, మనవారు రూపకల్పన చేసి బొంబాయి మజగావ్ రేవున కట్టిన గోదావరి దళమున చేరినది. అది 2015 వరకు సేవ చేసెను.

ఈ మందిరపు గోడలపై నాయకుల పటము లున్నవి. వాని సరసనే 1946 నాటి నావికుల స్మృత్యర్థ మొక పలక తగిలింపవలెనని కార్యదర్శిగారికి మా మనవి. పలక వెల మేము భరింతుము.