నిదానమే ప్రధానము: బాక్టీరియా రోగములు, వాని నిర్ణయము, చికిత్స

(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ఈ సభయందు చక్కగా ముచ్చటించిరి. ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము ఆదేశించిరి. మేము వైద్యులము కాము. ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో బాలురకు శబ్దములును ధాతువులును చెప్పినవారము. అయినను రోగి యింటివారి పక్షమున మాటలాడుటకు ఎల్లరకును అధికారము కలదని యెంచి, వైద్యమిత్రుల నడిగి తెలిసికొన్న విషయములను, గ్రంథములందు చదివిన విషయములను మీకు విన్నవించుచున్నాము.

మాటలతో జీవించినవారము గనుక ఒక మాటతోనే ఆరంభింతుము. సంస్కృతమున ‘నిదాన’ మనగా మూలకారణము, వైద్యశాస్త్రమున రోగనిర్ణయము. మాధవకరుడు రచించిన మాధవనిదానము కేవలము రోగనిర్ణయమునకే యేర్పడిన గ్రంథము. మందు మాట తలపెట్టక గ్రంథమంతయు రోగమెట్టిదో తెలిసికొనుటకే వినియోగించిరన్నచో, ఆ పనికి మన పూర్వులెంత విలువ నిచ్చిరో ఊహింపవచ్చును. తెలుగునందో, ‘నిదాన’ మనగా తొందరపాటు లేకుండుట. ‘నిదానమే ప్రధానము’ అని మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. ఈ రెండర్థములును నేడు మనకు కావలయును. రోగకారణమును తెలిసికొనవలయును, తెలియువరకు ఓర్పు పట్టవలయును. ఈ రెండును లేక మందులు మ్రింగుటచే మన కుటుంబములకును లోకమునకును కలుగుచున్న హానిని తెలుపుటయే మా యుద్దేశము.

జ్వరమును కలిగించు క్రిములన్నియు ఒక్క జాతివి కావు. క్షయ, టైఫాయిడ్, కలరా, ధనుర్వాతము, కుష్ఠము అనునవి బాక్టీరియా వలన కలుగును. పడిసెము, ఇన్‌ఫ్లుయెంజా, డెంగీ, చికున్‌గున్యా అనునవి వైరసుల వలన కలుగును. మలేరియా క్రిమి ఈ రెండు తెగలలోను చేరదు. యాంటీబయాటిక్కులనబడు మందులు బాక్టీరియాను చంపును, లేదా పెరుగనీయవు. బాక్టీరియా కణమునకు గోడ కలదు. తనకు వలసిన ప్రొటీనులను తయారుచేసికొను సాధనము కలదు. మందు వానిపై దెబ్బతీయును. వైరసునకు ఆ గోడయు లేదు, ఆ సాధనమును లేదు. కావున పడిసెమునకు యాంటీబయాటిక్ మ్రింగుట తాళము లేని తలుపునకు తాళపుచెవి వెదకుట వంటిది. అంతియే కాదు. మన ప్రేగులందు మేలుచేయు బాక్టీరియా యనేకములు నివసించుచున్నవి. మందు శత్రువెవరో మిత్రుడెవరో విచారింపదు. వానిని గూడ హతమార్చును. అనేకులకు మందు వెంటనే విరేచనములు పట్టుకొనుటకు ఇదియొక కారణము.

ఇక బాక్టీరియాను గుర్తించుటెట్లు? 1882 మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరమున రాబర్ట్ కాఖ్ క్షయకు కారణమైన బాక్టీరియాను కనుగొన్నట్లు ప్రకటించెను. వంశదోషమనియు పూర్వకర్మమనియు భావింపబడిన రోగమునకు కంటికి కనబడు కారణము దొరకెను. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ఒక రంగుల పద్ధతిని ప్రకటించెను. గాజుపలకపై నమూనాను పలుచగా పూసి, ఊదారంగును అయొడినును పట్టించి, సారాయముతో కడిగి, పిమ్మట ఎరుపుచాయ రంగును పట్టింతురు. మందమైన గోడగల బాక్టీరియా ఊదారంగును విడువదు. తక్కినవి ఎఱ్ఱగా కనబడును. నూటనలుబదియేండ్లు గడచినను ప్రయోగశాలలలో ఈ పద్ధతి నేటికిని నిలిచియున్నది. కొలది నిమిషములలోనే వైద్యునకు శత్రువు ఏ శిబిరమువాడో తెలియును.

పేరును, బలాబలములును తెలియుటకు ‘కల్చర్’ పరీక్ష కావలయును. రోగియొక్క రక్తమునో, మూత్రమునో, చీమునో తీసి, బాక్టీరియాకు ఇష్టమైన ఆహారముగల పళ్లెమున నుంచి, శరీరమంత వెచ్చదనమున పెంచెదరు. పెరిగిన దానిని వేరొక పళ్లెమున పరచి, మందులు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలను దానిపై నుంచెదరు. పనిచేయు మందుచుట్టు బాక్టీరియా పెరుగక ఖాళీ వలయమేర్పడును. పనిచేయని మందు అంచువరకు అది నిశ్చింతగా పెరుగును. ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము న్యాయస్థానములందును దొరకదు. అయితే దీనికి సాధారణముగా రెండుమూడు దినములు పట్టును. క్షయక్రిమి మిక్కిలి మెల్లగా పెరుగునది గనుక దానికి వారములు పట్టును. మన ఓర్పునకు పరీక్ష ఇచ్చటనే.

ఔషధముల చరిత్రమును కొంచెము స్మరింతము. 1928 సెప్టెంబరున లండనునందలి సెయింట్ మేరీస్ ఆసుపత్రియందు అలెగ్జాండర్ ఫ్లెమింగ్, బూజు పట్టిన పళ్లెమున ఆ బూజు చుట్టును బాక్టీరియా నశించుట కనిపెట్టెను. అదియే పెనిసిలిన్. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డునందు ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను రక్షకభటునకు దానిని ఇచ్చిరి. మరణశయ్యపై నున్నవాడు కోలుకొన నారంభించెను. కాని ఉన్న మందు అయిదు దినములలో తీరిపోయెను. అతని మూత్రమునుండి సైతము మందును రాబట్టి మరల నిచ్చిరి, అదియు తీరెను. మార్చి నెలలో అతడు మృతినొందెను. ఒక్కొక్క రవ్వను ఇట్లు ఏరుకొని వాడిన మందును నేడు మనము శనగల వలె నమలుచున్నాము.

ఈ చరిత్రమున తెలుగువారికిని భాగము కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాయందు లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలముననే, అచ్చట బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొనెను. టెట్రాసైక్లిన్ తెగకు చెందిన మందులలో అదియే మొదటిది. అది లోకమునకు వెల్లడియైన 1948వ సంవత్సరముననే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి.

ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమానమందిన సందర్భముననే ఒక హెచ్చరిక చేసెను. చాలీచాలని మోతాదులో మందు వాడినచో, చావక మిగిలిన బాక్టీరియా ఆ మందునకు లొంగనిదగునని దాని సారము. ఇందు మాయ లేదు. కోట్లకొలది బాక్టీరియాలో ఏ కొన్నియో పుట్టుకతోనే మందును తట్టుకొనగలవి యుండును. మందు తక్కినవానిని చంపగా, ఆ కొన్ని నిరాటంకముగా వంశవృద్ధి చేసికొనును. తమ తట్టుకొను నేర్పును పొరుగు బాక్టీరియాకు గూడ అందింపగలవు. దొంగను సగము కొట్టి విడిచినచో ఊరి గుట్టు తెలిసికొని మరల వచ్చినట్లగును.

టైఫాయిడ్ కథయే దీనికి దృష్టాంతము. 1948లో మలయాయందు క్లోరాంఫెనికాల్ ఇచ్చి చూడగా, వారములకొలది విడువని జ్వరము మూడునాలుగు దినములలో దిగిపోయెను. 1972 నాటికి, అనగా ఇరువదినాలుగేండ్లలో, కేరళమునందలి కోళిక్కోడున ఆ మందునకు లొంగని టైఫాయిడ్ వ్యాపించెను. తరువాత వచ్చిన మందులకును క్రమముగా అదే గతి పట్టెను. 2016లో సింధుదేశమున, మన హైదరాబాదు పేరే గల నగరమున, అప్పటివరకు నమ్మియున్న అయిదు విధముల మందులకు లొంగని టైఫాయిడ్ తలయెత్తెను. మందులకు లొంగని బాక్టీరియా వలన 2019లో లోకమున పండ్రెండు లక్షల డెబ్బదివేలమంది మరణించిరని శాస్త్రజ్ఞుల అంచనా. మందు లేక అలెగ్జాండర్ మరణించెను. మందు చేతనుండియు వీరు మరణించిరి.

ఇక మన యిండ్లలో జరుగుచున్న దేమి? జ్వరము తగిలిన దినముననే మందుల దుకాణమునకు పోయి ‘రెండు మాత్ర లిమ్ము’ అని యడుగుదుము. నిరుటి చీటీని ఈ యేటి జ్వరమునకు చూపుదుము. సూది వేయనిదే వైద్యము జరిగినట్లు మనకు తృప్తి లేదు. వసతిగృహములలో ఒక విద్యార్థి తనకు మిగిలిన మాత్రలను పెట్టెలో దాచి, తోటివానికి జ్వరము వచ్చినప్పుడు స్నేహభావముతో పంచియిచ్చుట మేము పలుమారులు చూచితిమి. అన్నము పంచుకొనుట పుణ్యము. మాత్రలు పంచుకొనుట హాని. కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్కులను వైద్యుని చీటీపైననే యిచ్చి, వైద్యుని పేరును రోగి పేరును పుస్తకమున వ్రాసియుంచవలయునని దుకాణదారులకు 2014 మార్చినుండి నిబంధన కలదు. కొనువాడే చీటీ వలదన్నచో నిబంధన యేమి చేయగలదు?

పరీక్ష చేయించినను తగిన పరీక్ష కావలయును. టైఫాయిడ్‌నకు విడాల్ పరీక్ష 1896 నాటిది. ఆ వ్యాధి తరచుగా వచ్చు మనవంటి దేశమున పూర్వపు జ్వరపు జాడ వలనను అది ‘ఉన్నది’ అని చెప్పవచ్చును. ఒక్క విడాల్ కాగితమును చూచి మందులు మొదలిడుటకన్న, మందు పడకముందే రక్తమును కల్చర్ పరీక్షకిచ్చుట శ్రేయస్కరము. మందు పడిన పిమ్మట తీసిన రక్తమున బాక్టీరియా దాగియుండి పరీక్షను మోసగింపవచ్చును.

క్షయ విషయమున మన దక్షిణదేశము లోకమునకు దారి చూపినది. 1956లో మద్రాసున నెలకొల్పబడిన క్షయచికిత్సా పరిశోధనకేంద్రమువారు, శానిటోరియమున నుంచిన రోగులును, బీదయిండ్లలోనే యుండి మందు పుచ్చుకొన్న రోగులును సమానముగా కోలుకొనిరని 1959లో ప్రకటించిరి. రోగమును గెలిచినది మంచము కాదు, మానక పుచ్చుకొన్న మందు. నేడు సాధారణ క్షయకు ఆరునెలల చికిత్స. ప్రభుత్వము మందుల నుచితముగా నిచ్చుచున్నది. కఫమును యంత్రమున పరీక్షించి, రోగమున్నదో లేదో, రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందు పనిచేయునో లేదో రెండుగంటలలో తెలుపు పద్ధతియు వచ్చినది. రెండవ నెలలో దగ్గు తగ్గినదని మందు మానువాడు తనకే కాక తన బిడ్డలకును మొండిక్షయను వారసత్వముగా నిచ్చువాడగును.

అన్ని రోగములకును ఇన్ని నెలలు మందు వలయునని గాని, మాత్రలు ఎంత యెక్కువైన అంత మేలని గాని మా భావము కాదు. అనేక వ్యాధులకు కొలది దినముల మందే చాలునని నేటి శాస్త్రము. వైద్యుడు చెప్పినన్ని దినములు. తగ్గించుటయు వలదు, పెంచుటయు వలదు.

ఒక సందేహము మీకు కలుగవచ్చును. నిదానము నిదానమని కూర్చున్నచో రోగి యేమగును? యుక్తమైన ప్రశ్న. తెలివి తప్పుట, ఆయాసము, మూత్రము జారీ కాకుండుట, మెడ బిగిసికొనుట, పసిబిడ్డ పాలు మానుట, ఇట్టి లక్షణములు కనబడినప్పుడు గంటసేపు గూడ జాగు చేయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలయును. అచ్చట వైద్యుడు సాధ్యమైనంతవరకు ముందుగా రక్తము తీసి, ఫలితమునకై వేచియుండక బలమైన మందు నారంభించును. ఫలితము వచ్చిన పిమ్మట తగిన మందునకు మార్చును. ఇదియును నిదానమే. వేగిరపాటు వేరు, వేగము వేరు.

ఇప్పుడు సంఘమునకు మా విన్నపములు. మన వైద్యసహాయనిధినుండి ఔషధములకును శస్త్రచికిత్సలకును సొమ్ము లభించుచున్నది. పరీక్షల రసీదులు లెక్కకు రావు. బీదవాడు అందువలననే పరీక్ష మానుకొని, గురిలేని మందులకు అంతకన్న హెచ్చు వ్యయపడుచున్నాడు. పరీక్షలకు సొమ్మిచ్చినచో అక్కఱలేనివి గూడ చేయింతురని కొందరు పెద్దలు శంకించిరి. ఆ శంక నిరాధారము కాదు. కావున వైద్యుడు వ్రాసియిచ్చిన కల్చర్ పరీక్షకు మాత్రము నిధినుండి చెల్లించునట్లు ఈ సభ తీర్మానింపవలయునని కోరుచున్నాము. వసతిగృహపు మందులపెట్టెలో యాంటీబయాటిక్కులు ఉంచరాదు. సబ్బును, కాచిన నీటిని, వైద్యుని చిరునామాను ఉంచవలయును. చేతులు కడిగికొనుటయు, శుద్ధజలమును, సకాలమున టీకాలును రోగమును రానీయవు. రాని రోగమునకు మందుతో పనిలేదు.

పోషకులకు ఒక మాట. తల్లిదండ్రుల పేర గదులు కట్టించి శిలాఫలకములు వేయించుచున్నారు, సంతోషము. అట్లే సూక్ష్మజీవశాస్త్రమును, ప్రయోగశాలావిద్యను అభ్యసించు మన బాలబాలికలకు విద్యార్థివేతన మొకటి వారి పేర నెలకొల్పుడు. గదిలో నలుగురు విద్యార్థులుందురు. ఒక్క మంచి పరీక్షకుని వలన ఒక తాలూకాయే బ్రదుకును.

మందులు మన పూర్వులు సంపాదించి యిచ్చిన ఆస్తి వంటివి. వానిని మనము తిని తీర్చక, పనిచేయు స్థితిలో మనుమలకు అప్పగించుట మన ధర్మము.