పద్దెనిమిదేళ్లు నిండకముందే

(నిర్మల్‌లో ప్రత్యేక అవసరాలు గల పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

బిడ్డను భవిత కేంద్రానికి తీసుకువచ్చే తల్లులు మమ్మల్ని ఫిజియోథెరపీ గురించి అడుగుతారు, పింఛను గురించి అడుగుతారు. పెద్దయ్యాక వీడి గతేమిటన్న ప్రశ్నను మాత్రం పైకి అనరు. అది వారి మనసులో లేక కాదు. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది ఆ ప్రశ్నే. నేడు దాని గురించే మాట్లాడుకుందాం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం, అంతకు మించి వైకల్యం గల బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. దగ్గరి బడిలో చదివించాలా, ప్రత్యేక పాఠశాలకు పంపాలా అన్నది కుటుంబం ఎంచుకోవచ్చు. అయితే ఆ హక్కు 18తో ఆగుతుంది. సరిగ్గా అప్పుడే బిడ్డ చట్టం దృష్టిలో మేజర్ అవుతాడు. నిన్నటిదాకా తండ్రి సంతకంతో నడిచిన బ్యాంకు ఖాతా, ఆస్తి కాగితం ఇకపై అతని సంతకం కోరతాయి. అమెరికాలో ప్రత్యేక విద్యా చట్టం ప్రకారం, బిడ్డకు 16 ఏళ్లు వచ్చేసరికి బడి తర్వాతి శిక్షణ, ఉపాధి, అవసరమైతే స్వతంత్ర జీవనానికి సంబంధించిన లక్ష్యాలను అతని విద్యా ప్రణాళికలో రాసి తీరాలి. మన చట్టం వృత్తి శిక్షణ గురించి చెప్పిందే గాని, ఫలానా వయసుకు ఇలాంటి ప్రణాళిక సిద్ధం కావాలని బడికి గడువు పెట్టలేదు. కనుక ఆ గడువును మనమే పెట్టుకోవాలి. 14 ఏళ్లు అని మా అభిప్రాయం.

ఈ మాట మనకు కొత్తది కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా ఆరవ ఆయత్ అనాథల ఆస్తి ప్రస్తావనలో, వివాహ వయసు వచ్చేవరకు వారిని పరీక్షిస్తూ ఉండాలనీ, వారిలో వివేకం కనిపించాక ఆస్తి అప్పగించాలనీ ఆదేశిస్తుంది. వయసు రావడం బులూగ్, వివేకం రావడం రుష్ద్. ఈ రెండూ ఒకటి కావని ధర్మశాస్త్ర పండితులు వివరించారు. పరీక్షించడమంటే కొద్ది సొమ్ము చేతికిచ్చి బేరం చేయించి చూడడమని చెప్పినవారూ ఉన్నారు. అంటే పరీక్ష ముందు జరగాలి, వయసు వచ్చాక కాదు. అంతకు ముందరి ఆయత్ వ్యవహారం తెలియనివారికి తిండి, బట్ట ఇమ్మని, వారితో మర్యాదగా మాట్లాడమని చెబుతుంది. మన ఇళ్లలో మొదటి రెండూ జరుగుతాయి. మూడవది తరచూ మరచిపోతాం.

పధ్నాలుగేళ్ల అమ్మాయికి ఇరవై రూపాయలిచ్చి కిరాణా కొట్టుకు పంపండి. చిల్లర తప్పు తెస్తే తేనివ్వండి, మళ్లీ పంపండి. స్నానం, బహిష్టు శుభ్రత, ఎవరైనా తాకరాని చోట తాకితే అరవడం, ఇంటి ఫోన్ నంబరు చెప్పడం వంటివి అక్షరాల కన్నా ముందు రావాలి. బడిలో తెలుగు, ఇంట్లో ఉర్దూ విని తికమకపడే బిడ్డకు ఈ మాటలు ఇంటి భాషలోనే నేర్పండి. టీచర్‌కు కూడా ఆ పదాలు రాసి ఇవ్వండి.

పని విషయానికి వద్దాం. నిర్మల్ బొమ్మను చూడండి. తేలికైన పొనికి కర్రను చెక్కుతారు, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముక్కలను అతుకుతారు, నునుపు చేస్తారు, రంగులు వేస్తారు. మొత్తం బొమ్మ చేయలేని యువకుడు నునుపు చేసే పని ఒక్కటి నేర్వగలడేమో చూడాలి. కుట్టుపనిలో, వడ్రంగంలో, బేకరీలో కూడా ఇలా విడదీయగల పనులున్నాయి. ఇంట్లో తల్లి బీడీలు చుడుతోంది కదా అని బిడ్డను కూడా రోజంతా పొగాకు చాట ముందు కూర్చోబెట్టడం మాత్రం శిక్షణ కాదు.

ఇక సంరక్షకుని విషయం. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం గలవారికి వర్తిస్తుంది. వారికి 18 నిండాక చట్టబద్ధ సంరక్షకుడు అవసరమైతే, తల్లిదండ్రులు గాని బంధువు గాని జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయవచ్చు. ఈ ట్రస్టు కిందనే లక్ష రూపాయల వరకు వర్తించే నిరామయ ఆరోగ్య బీమా ఉంది. తండ్రి గల్ఫ్‌లో ఉంటే, సెలవుపై వచ్చినప్పుడే ఈ కాగితాలు పూర్తి చేసుకోండి. అయితే కేవలం చూపు లేదనో, వినికిడి లేదనో, కాలు లేదనో సంరక్షకుణ్ణి పెట్టడం అన్యాయం. అంధులైన హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)కు దైవప్రవక్త (స) అజాన్ బాధ్యత అప్పగించారు, తాము మదీనాలో లేనప్పుడు ఆ నగర బాధ్యతనూ అప్పగించారు.

నికాహ్ చేస్తే అన్నీ సర్దుకుంటాయని పెద్దలు సలహా ఇస్తుంటారు. పరిస్థితిని దాచి చేసే నికాహ్ రెండు కుటుంబాలకూ ద్రోహమే. నికాహ్ వద్దని మేము అనడం లేదు. ఆ అబ్బాయికి, ఆ అమ్మాయికి విషయం అర్థమై, ఇష్టమైతేనే అంటున్నాం.

ఆస్తి గురించి ఒక మాట. వైకల్యం వల్ల వారసత్వ వాటా తగ్గదు. కొందరు తండ్రులు ఈ బిడ్డకు ఎక్కువ రాసి వసీయత్ చేసి నిశ్చింతగా ఉంటారు. హనఫీ న్యాయం ప్రకారం వారసునికి చేసిన వసీయత్ తండ్రి మరణానంతరం మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. బతికి ఉండగానే స్వాధీనంతో సహా హిబా చేయడం వేరు. ఏది చేసినా మిగతా పిల్లలను కూర్చోబెట్టి, ఎందుకు చేస్తున్నారో వారికి చెప్పి చేయండి. రేపు తమ్ముణ్ణి చూసుకోవలసింది వారే.

అసర్ నమాజు తర్వాత మళ్లీ కూర్చుందాం. సదరం పత్రం, యూడీఐడీ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకురండి. చిన్నతనంలో గడువుతో ఇచ్చిన పత్రం ఉంటే ముందు దాని తేదీ చూసుకోండి; 2023 నుంచి 4,016 రూపాయలుగా అందుతున్న పింఛనుకు ఆ పత్రమే ఆధారం. పద్నాలుగు దాటిన పిల్లలను కూడా వెంట తీసుకురండి. ఏ పని చేయాలని ఉందో మొదట వారినే అడుగుతాం.